ఘాట్ దిగిన ఐస్ పెట్టె

పాడేరు పైన ఒక చిన్న కేంద్రంలో పొద్దున్నే తీసిన రక్తం, హెచ్‌ఐవీ వైరల్ లోడ్ పరీక్షకు విశాఖ దిగుతోంది. ఆ జీపులో నాకూ చోటిచ్చారు. వెనక సీట్లో నేనూ, ల్యాబ్ టెక్నీషియనూ, మధ్యలో ఐస్ పెట్టె. మాకు లేని బెల్టు దానికుంది.

ఊదా మూత గొట్టంలో పట్టిన రక్తాన్ని 24 గంటల్లోపు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ప్లాస్మా విడదీయాలి. బయల్దేరేముందే ఆ పని అయిపోయింది. ఎర్రకణాలు అడుక్కి దిగాయి, పైన లేత పసుపు ద్రవం తేలింది. ఒక గొట్టంలో మాత్రం అది కూడా ఎర్రగానే ఉంది. “కణాలు చితికిపోయాయి సార్, పనికిరాదు. మళ్ళీ పిలిపించాలి,” అన్నాడు టెక్నీషియన్.

పిలిపించడమంటే మాటలా? ఆ రక్తమిచ్చినామె ఒక రోజు కూలి వదులుకుని కొండ దిగి వచ్చింది. రాయించిన నంబరు పక్కింటివాళ్ళది. ఎత్తినవాళ్ళకు విషయం చెప్పడానికి లేదు, 2017 హెచ్‌ఐవీ చట్టం ఒప్పుకోదు. గొట్టం మీద పేరైనా ఉండదు, బార్‌కోడే. పద్ధతి మంచిదే. కానీ ఆ గీతల వెనక మనిషిని వెతికే భారమంతా ఈ కుర్రాడి సొంత సెల్‌ఫోన్ మీదే పడింది.

అమ్మవారి పాదాల దగ్గర డ్రైవరు ఆపి దణ్ణం పెట్టుకున్నాడు. టెక్నీషియన్ దిగలేదు, పెట్టెలో థర్మామీటర్ చూసుకున్నాడు. రెండుకీ ఎనిమిదికీ మధ్య ఉండాలట. ఐదు. చోడవరం దగ్గర చెరకు బళ్ళ వెనక ఇరుక్కున్నప్పుడు మళ్ళీ చూశాడు.

ల్యాబ్‌లో 96 గుంటల పళ్ళెం చూపించారు. మూడు గుంటలు పోల్చి చూసే కంట్రోళ్ళకు, తక్కిన 93 మనుషులకు. రసాయనాలు ఖరీదు, అందుకే సరిపడా నమూనాలు పోగయ్యాకే యంత్రం నడుపుతారు. అది వైరస్ ఆర్‌ఎన్‌ఏను డీఎన్‌ఏగా మార్చి, రెట్టింపు చేసుకుంటూ పోతుంది. అలా పెరిగేకొద్దీ వచ్చే వెలుగు ఎంత త్వరగా కనబడితే అంత వైరస్ ఉన్నట్టు. మిల్లీలీటరుకు 1000 కాపీలు దాటితే ముందు మందులు మార్చరు. మాత్రలు ఎక్కడ తప్పుతున్నాయో కూర్చోబెట్టి అడిగి, కొన్ని నెలలాగి మళ్ళీ పరీక్షిస్తారు. అసలేమీ కనబడనంత తగ్గితే లైంగికంగా ఇంకొకరికి సోకదు. మాత్రలు మాత్రం మానకూడదు.

టెక్నీషియన్ రసీదు మీద సంతకం చేయించుకుని, బయట మెట్ల మీద కూర్చుని నంబరు కలిపాడు.

“అమ్మా, మీ పక్కింటావిడ ఆధార్ జిరాక్సు మా దగ్గర మర్చిపోయింది. ఈసారి సంతకి దిగినప్పుడు ఓసారి రమ్మని చెప్తారా?”