అర సెకను అనుమానం

నల్లటి తెరపై 'ఆప్ట్ ఇన్‌స్టాల్' అని టైప్ చేసి, కావలసిన లైబ్రరీ పేరు చేర్చి ఎంటర్ నొక్కితే చాలు. దానికి తోడు కావలసిన మిగతా లైబ్రరీలనూ అదే తెచ్చిపెడుతుంది. డిజిటల్ సంతకమూ సరిచూస్తుంది. సరుకు దారిలో మారలేదని సంతకం చెబుతుంది. సరుకు మంచిదేనా అన్నది దానికి పట్టదు.

2024 మార్చిలో పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్ డెబియన్ యంత్రంలో ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను అదనంగా పట్టింది. మరొకరైతే టీకి లేచేవారు. ఆయన మాత్రం కూపీ లాగారు. ఫైళ్లను కుదించే లిబ్‌ఎల్‌జడ్‌ఎంఏ లైబ్రరీలో దొంగదారి ఉన్నట్టు తేలింది. పెట్టింది ఇంటివాడే: 'జియా టాన్' పేరుతో రెండేళ్లకు పైగా సాయపడి, నిర్వహణ బాధ్యత సంపాదించిన వ్యక్తి. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ భారం మోసింది ప్రధానంగా ఒక్కరే, అదీ జీతం లేకుండా. డెబియన్ స్టేబుల్‌లోకి మాత్రం అది చేరలేదు.