అన్నము లేని భోజనము

కోనసీమలో అన్నము లేని విస్తరిని భోజనమనుట సాహసమే. వశిష్ఠాగోదావరి యొడ్డున నున్న మా దిండి గ్రామమున ఏ పూటయైనను అన్నము తప్పదు, ఏ కూరకైనను కొబ్బరి తప్పదు. అట్టి యింట పచ్చికూరలతో కడుపు నిండు భోజన మమర్ప నేర్చిన విధమును మనవి చేయుచున్నాము. నేర్చుటకు ముందు రెండు తప్పులు చేసితిమి. మొదట వానినే చెప్పెదము.

గత వేసవి కడపట మావారికి మధుమేహ మున్నదని వైద్యుడు తేల్చి, మాత్రలు వ్రాసి, అన్నము తగ్గింపుమనెను. తగ్గింపుమన్న మాటను మేము మానిపింపుమన్నట్లు గ్రహించితిమి. మరునాటినుండి క్యారేజీలో కీరాముక్కలు, టమాటాలు, నిమ్మరసము మాత్రమే పెట్టి బడికి పంపితిమి. అది చూచి మా అత్తగారు, "కూడు లేకుండా మనిషి ఎలా నిలుస్తాడే అమ్మాయీ?" అనిరి. "నందిగ్రామములో భరతుడు పదునాలుగేండ్లు ఫలమూలాలతోనే ఉన్నాడు కదా, అత్తయ్యగారూ!" అని మేము పాండిత్యము చూపితిమి. "భరతుడు పాఠాలూ చెప్పలేదు, మాత్రలూ మింగలేదు" అని ఆమె ఊరకొనిరి.

మూడవనాటి సాయంకాలము తరగతిలో మావారికి చెమటలు పోసి, చేతులు వణకి, కన్నులు చీకట్లు క్రమ్మెను. తోడి ఉపాధ్యాయులు పంచదారనీరు త్రాగించి యింటికి తెచ్చిరి. మధుమేహమునకిచ్చు కొన్ని మాత్రలు తిండి చాలనప్పుడు రక్తములోని చక్కెరను మితిమీరి దింపుననియు, ఆహారము మార్చునప్పుడెల్ల మందును గూడ సరిచూపించుకొనవలెననియు వైద్యుడు మమ్ము మందలించెను. ఆ రాత్రి మాకు నిదుర లేదు.

రెండవ తప్పు దీనికి విరుద్ధము. ఆకలి తీరవలెనని గిన్నెలో అరచిప్ప కొబ్బరి కోరి కలిపితిమి. 100 గ్రాముల పచ్చికొబ్బరిలో సుమారు 350 కెలోరీలు కలవు. అన్నే గ్రాముల బియ్యములోను ఇంచుమించుగా నంతియే. ఒకచేత తీసినది రెండవచేత వడ్డించినట్లయ్యెను.

ఇప్పుడు మేము చేయు విధమిది. ఒకరికి 60 గ్రాముల పెసలు ఎనిమిది గంటలు నానబోసి, తడిగుడ్డలో మూటగట్టి, మొలక వచ్చిన పిమ్మట అయిదు నిమిషములు ఆవిరిపై నుంచుదుము. పచ్చిమొలకలలో రోగకారక క్రిములుండవచ్చును గాన ఈ శ్రమ తప్పదు. 100 గ్రాముల లేత అరటిదూటను చక్రములుగా తరిగి, పీచును వ్రేలికి చుట్టి తీసివైచి, నల్లబడకుండ మజ్జిగలో వేయుదుము. కీరా 100, క్యారెట్టు 50, వేయించిన వేరుసెనగపప్పు 15, కొబ్బరికోరు 20 గ్రాములు చేర్చి, ఒక చిన్న చెంచాడు నూనెతో ఆవాలు, పచ్చిమిరప, కరివేపాకు పోపు పెట్టుదుము. ఉప్పు ముందు కలిపినచో ముక్కలు నీరూరును. కావున ఉప్పును నిమ్మరసమును తినబోవునప్పుడే కలుపవలెను. ప్రక్కన 100 గ్రాముల పెరుగు.

ఇదంతయు కలిపి సుమారు 520 కెలోరీలు; మాంసకృత్తులు 20 గ్రాములకు పైబడి యుండును. 150 గ్రాముల బియ్యపు టన్నమొక్కటే, కూర నేయి చేరకయే, అన్ని కెలోరీల నిచ్చును. ఆకలిని నిలుపునవి పెసలలోని మాంసకృత్తులును, దూటలోని పీచును. ఉత్త కీరాముక్కలు కావు. మన శ్రీరామనవమి వడపప్పును కొంచెము పెద్దది చేసిన యిదే సలాడు. క్రొత్త పేరునకు వెరవ బనిలేదు.

మందు తగ్గించినది వైద్యుడే, మేము కాదు. మూడు నెలలకు చేసిన పరీక్షలో చక్కెర తగ్గినది. ఆదివారము మాత్రము అత్తగారు ఆ గిన్నె ప్రక్కన గుప్పెడన్నము పెట్టుదురు. మేము వారింపము. మొదటినాడు ఆమె మాట వినియుండినచో ఆ సాయంకాలము మాకు వచ్చియుండెడిది కాదు.