రాత్రి ఒలిచిన బుడ్డలు

రాత్రి రెండున్నరకో మూడింటికో మెలకువ వచ్చేసేది, ఎవరో తట్టి లేపినట్టు. ఆ వేళకి మా పత్తికొండలో వీధి కుక్కలు కూడా పడుకుని ఉంటాయి. టమోటాలు దండిగా వచ్చే రోజుల్లో అయితే మార్కెట్టుకు పోయే ఆటోల చప్పుడు మొదలవుతుంది, అదొక్కటే తోడు. పక్కన మా ఆయన గురక. నేను ఫ్యాను చూస్తూ లెక్కలు వేసేదాన్ని. ఇప్పుడు నిద్ర పడితే రెండున్నర గంటలు దొరుకుతాయి. ఇప్పుడు పడితే రెండు. ఇంక పట్టినా ఒకటే, పట్టకపోయినా ఒకటే.

కిందటేడు నాకు డిప్రెషన్ అని డాక్టరు చెప్పారు. ఈ వాక్యం ఇక్కడ రాయడానికి ఎన్నిసార్లు రాసి కొట్టేశానో! అప్పటికి కొన్ని నెలలుగా వంట చేసేదాన్ని గానీ ఉప్పు వేశానో లేదో తెలిసేది కాదు. హాస్టల్ నుంచి అమ్మాయి ఫోన్ చేస్తే ఎత్తబుద్ధి అయ్యేది కాదు. చుట్టాలు "నీకేం తక్కువ?" అనేవాళ్ళు. నేనూ నన్ను అదే అడుక్కునేదాన్ని. జవాబు దొరక్క ఇంకా కుంగిపోయేదాన్ని.

మొదటిసారి కర్నూలు వెళ్ళినప్పుడు బస్టాండులో తెలిసినవాళ్ళు ఎదురై ఎక్కడికని అడిగితే, కళ్ళు చూపించుకోవడానికి అని చెప్పాను. డాక్టరమ్మ ఓపిగ్గా అంతా విన్నారు. థైరాయిడ్‌కీ, రక్తానికీ పరీక్షలు రాశారు. నెలసరి గురించి, రాత్రిళ్ళు ఒళ్ళంతా వేడెక్కి చెమటలు పడుతున్నాయా అని అడిగారు. నలభైలు దాటిన ఆడవాళ్ళకి అది కూడా నిద్ర చెడగొడుతుందట. పరీక్షల్లో ఏమీ తేలలేదు. మాత్ర రాసిచ్చి, గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలైనా పడుతుంది, ఓపిక పట్టమన్నారు.

నేను పట్టలేదు. మాత్ర మొదలుపెట్టాక నిద్ర మెరుగవుతుందనుకుంటే ఉన్న కాస్తా పలచబడింది. దానికి తోడు ఒక దగ్గరి చుట్టం, "ఆ మాత్రలు ఒకసారి అలవాటైతే జన్మలో వదలవు" అంది. పది రోజులకి మానేశాను. డాక్టరమ్మకి చెప్పలేదు, ఇంట్లోనూ చెప్పలేదు. రోజుకో మాత్ర కాగితంలో చుట్టి చెత్తలో వేశాను.

మూడు వారాలు గడిచాక ఒక రాత్రి, అదే మూడు గంటల వేళ, నేను లేకుంటే వీళ్ళకి ఒక బరువు తగ్గుతుంది కదా అనిపించింది. ఏడుపుతో కాదు. పప్పులు అయిపోయాయి, తెప్పించాలి అనుకుంటామే, అంత మామూలుగా. ఆ మామూలుతనమే నన్ను భయపెట్టింది. మా ఆయన్ని లేపాను. మాత్రలు పారేసిన సంగతితో సహా మొత్తం చెప్పేశాను. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. లైటు వేసి, కాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చుని, "పొద్దున్నే కర్నూలుకు పోదాం" అన్నారు. తెల్లారేదాకా ఇద్దరం పడుకోలేదు.

డాక్టరమ్మ కోప్పడలేదు. నాకు వచ్చిన ఆలోచన గురించి సూటిగా అడిగారు, ఇంట్లో ఒక్కదాన్నీ వదలొద్దని ఆయనకి చెప్పారు. అర్ధరాత్రి అలా అనిపిస్తే తెల్లారేదాకా ఆగక్కర్లేదని, టెలీమానస్ 14416కి ఎప్పుడైనా చేయొచ్చని, తెలుగులోనే మాట్లాడతారని రాసిచ్చారు. 2022 అక్టోబరు నుంచి ఉందట ఆ నంబరు. ఇన్నాళ్ళూ నాకు తెలియనే తెలియదు. ఆ కాగితం ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

నాకు ఇచ్చింది నిద్రమాత్ర కాదని ఆరోజు అర్థమైంది. నిద్రమాత్రల్లో అలవాటయ్యేవి ఉన్నాయి, వాటిని కొద్దిరోజులకే ఇస్తారు. డిప్రెషన్ మందు వేరు. కొందరికి అది మొదట్లో నిద్రని కదిలిస్తుంది. నాకు రాత్రి బదులు పొద్దున టిఫిన్ తర్వాత వేసుకోమని మార్చారు. ఈ ఒక్క మాట అడిగి ఉంటే ఆ మూడు వారాలు తప్పేవి.

"డిప్రెషన్ తగ్గితే నిద్ర దానంతట అదే వస్తుందా?" అని అడిగాను. "కొంత వస్తుంది. కానీ నిద్ర పోయిన అలవాటు కూడా ఒకటి ఉంటుందమ్మా, దానికి వేరే వైద్యం" అన్నారు. దాని పేరు సీబీటీ-ఐ. పేరు పెద్దదే గానీ చేసేవన్నీ ఇంటి పనులంత మామూలువి. చేయడమే కష్టం.

నేను రాత్రి తొమ్మిదికే మంచం ఎక్కేదాన్ని, ఎక్కువసేపు పడుకుంటే కాస్తయినా పడుతుందని. తొమ్మిది గంటలు పడుకుని నాలుగు గంటలు నిద్రపోయేదాన్ని. మిగతా ఐదు గంటలూ మంచానికి నేను నేర్పింది మెలకువే. అందుకని పదకొండున్నర దాకా మంచం ఎక్కొద్దన్నారు. రాత్రి ఎట్లా గడిచినా ఐదున్నరకి లేచి తీరాలి. మధ్యాహ్నం కునుకు వద్దు. సాయంత్రం చిరుతిండి తింటే రాత్రి అన్నానికి ఆకలి ఉండదు, నిద్రకీ అంతేనట. రెండింటి తర్వాత టీ బందు. టీలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు ఐదారు గంటలు పడుతుందట. పొద్దున మిద్దె మీద అరగంట వెలుగులో తిరగాలి. మంచం మీద ఇరవై నిమిషాల్లో నిద్ర పట్టలేదనిపిస్తే లేచి వచ్చేయాలి, గడియారం మాత్రం చూడొద్దు. ఇవి నాకు చెప్పినవి. ఫిట్స్ ఉన్నవాళ్ళు, బైపోలార్ ఉన్నవాళ్ళు నిద్ర గంటలు తగ్గించకూడదట, కాబట్టి మీ డాక్టరుని అడగకుండా మొదలుపెట్టకండి.

మొదటి రెండు వారాలు నరకం. పగలు నడుస్తూ నడుస్తూ తూలేదాన్ని. డిగ్రీలో స్త్రీల పాటల గురించి చదువుకున్నప్పుడు ఊర్మిళాదేవి నిద్ర పాఠం విని మేమందరం నవ్వుకున్నాం, పద్నాలుగేళ్ళు పడుకుంది, అదృష్టవంతురాలని. అడవిలో లక్ష్మణుడు కన్ను మూయలేదు, ఇంట్లో ఊర్మిళ కన్ను తెరవలేదు. డిప్రెషన్ కొందరికి నిద్ర లేకుండా చేస్తుంది, కొందరిని లేవనివ్వదు అని డాక్టరమ్మ అన్నప్పుడు ఆ ఇద్దరూ గుర్తొచ్చారు. ఊర్మిళది ఇప్పుడు నాకు అదృష్టంలా అనిపించదు.

మంచం దిగి వచ్చి ఏం చేయాలి? ఫోన్ వద్దన్నారు, టీవీ వద్దన్నారు. వంటింట్లో బుడ్డల సంచి కనిపించింది. మా పక్క వేరుశెనక్కాయల్ని బుడ్డలంటాం. చాటలో పోసుకుని, చిన్న లైటు కింద కూర్చుని ఒలవడం మొదలుపెట్టాను. చేతికి పని, బుర్రకి పని లేదు. కళ్ళు మూతలు పడుతుంటే వెళ్ళి పడుకునేదాన్ని. కొన్ని రాత్రులు గుప్పెడు, కొన్ని రాత్రులు డబ్బా నిండా.

ఒకరోజు మా అత్త లేచి వచ్చింది. ఆమెకి నా జబ్బు సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. తిడుతుందేమో అనుకున్నాను. ఎదురుగా కూర్చుని తనూ ఒలవసాగింది. చాలాసేపటికి, "మీ మామ పోయినప్పుడు నాకు ఏడాది పొడుగునా నిద్ర లేదు. ఎవరితో చెప్పుకుంటాం అప్పట్లో" అంది. ఇరవై మూడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఆ మాట అదే మొదటిసారి వినడం. నేను మాత్రల సంగతి చెప్పాను. "వేసుకో. బీపీకి నేను వేసుకోవట్లేదా?" అంది.

రెండు నెలలకి నిద్ర ఐదు గంటలకి వచ్చింది, తర్వాత ఆరుకి. నిద్ర నిలబడే కొద్దీ మంచం ఎక్కే వేళ కూడా కొంచెం కొంచెం ముందుకు జరిపారు. పూర్తిగా బాగయ్యానని చెప్పను. పండగల ముందు, పిల్లల పరీక్షల ముందు మళ్ళీ మూడింటికి మెలకువ వస్తుంది. తేడా ఏమిటంటే, అప్పుడు లెక్కలు వేయను, ఒక్కదాన్నే భరించను. మందు ఇంకా వేసుకుంటున్నాను. ఎప్పుడు తగ్గించాలో డాక్టరమ్మ చెప్తారు, నేను కాదు.

మొన్న బుడ్డల పొడి చేద్దామని డబ్బా తీస్తే అడుగున రెండు గుప్పెళ్ళే ఉన్నాయి. మా అత్త తొంగి చూసి, "ఏమ్మా, ఈ నెల బుడ్డలు ఒలిచినట్టు లేవే!" అని నవ్వింది. పొడికి సరిపోక, పట్టపగలు ఇద్దరం కూర్చుని ఒలుచుకున్నాం.