మెట్లు కట్టించుకోవడానికి బొబ్బిలి వెళ్ళాం

గొల్లపల్లిలో దిగగానే మొదట చెవిన పడేది తీగ మోత కాదు, బాడిసె దెబ్బ. బొబ్బిలికి ఆనుకునే ఉన్న ఊరది. పాకల్లోనూ అరుగుల మీదా పనస మొద్దులు పేర్చి ఉన్నాయి. ఒకచోట మొద్దు ఇంకా మొద్దుగానే ఉంది. పక్క పాకలో అప్పటికే వీణ కుండ రూపు తేలింది, ఒకాయన లోపల గుల్ల తొలుస్తున్నాడు. ఇంకో చోట యాళి ముఖానికి కోరలు చెక్కుతున్నారు. నేలంతా పసుపుపచ్చటి చెక్కపేళ్ళు. వాటిని గెలుకుతూ పిల్లలతో ఒక కోడి.

కొత్త వీణ కొనాలని కాదు మేం వచ్చింది. అమ్మ వీణకి మైనం మెత్తబడి మెట్లు పక్కకి జరిగాయి. విశాఖలో మాది పై అంతస్తు, ఎండాకాలం గోడలు కూడా కాగుతాయి. బాగుచేసేవాళ్ళు విశాఖలోనూ ఉన్నారు. కానీ అమ్మ ఒప్పుకోలేదు. "బొబ్బిలి వీణని బొబ్బిలివాళ్ళే ముట్టుకోవాలి" అంది. అందుకని వీణని వెనక సీట్లో పడుకోబెట్టి, దాని తల మా అమ్మాయి ఒళ్ళో పెట్టి బయల్దేరాం. విజయనగరం దాటేదాకా ఏం చూశామో నాకు గుర్తులేదు, ఆ తల గురించిన జాగ్రత్తలు తప్ప.

అమ్మ ఎప్పుడూ కచేరీ చెయ్యలేదు. పెళ్ళయ్యాక సాధనకి ఆవిడకి దొరికిన వేళ, పప్పు కుక్కరెక్కించింది మొదలు మూడో కూత వచ్చేదాకా. కూత రాగానే లేచి వెళ్ళి పొయ్యి కట్టేసి, తిరిగొచ్చి ఆపిన చోటే అందుకునేది. నాన్నది రేడియో సంగీతం. పొద్దున్నే విజయవాడ కేంద్రం భక్తిరంజని, ఆ వెనక వార్తలు, రాత్రి సినిమా పాటలు. ముందురోజు రాత్రి విన్న సినిమా పాటని మర్నాడు మధ్యాహ్నం అమ్మ వీణ మీద వెతుక్కునేది. వర్ణానికీ సినిమా పాటకీ మధ్య గోడ ఉంటుందని నాకు చాలా పెద్దయ్యాక ఎవరో చెబితే తెలిసింది. ఇప్పటికీ దాన్ని నేను పెద్దగా లెక్కచెయ్యను.

మేం వెతుక్కుంటూ వెళ్ళిన పనివాడికి అరవై దాటి ఉంటాయి. వీణ గుడ్డ విప్పి, తిప్పి చూసి, కుండా దండీ కలిసే చోట గోటితో గీరాడు.

"అమ్మగారూ, ఇది బొబ్బిలి ఈణని ఎవులు సెప్పినారు?"

"మా నాన్నగారు కొన్నారు బాబూ. ఆయనే చెప్పారు."

"పని మంచిదే తల్లీ, తప్పేటి నేదు. కాని ఇది అతుకు ఈణ. ఈ పూలపట్టీ కింద సూడండి, కీలు. మాది ఏకాండి. కుండా, దండీ, మెడా అన్నీ ఒకే మొద్దులోంచి వస్తాయి. అతుకుండదు."

మా అమ్మాయి నవ్వాపుకోలేక బయటికి వెళ్ళిపోయింది. యాభై ఏళ్ళకి పైగా ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ మా ఇంట్లో చెప్పుకున్న గొప్ప అది. అమ్మ మాత్రం చలించలేదు. పట్టీ మీద చెయ్యి వేసి, "మెట్లు కడతావా, కట్టవా?" అంది.

కడతానన్నాడు. కానీ పాత మైనం గీకి, కొత్తది కలిపి పెట్టేసరికి మర్నాడవుతుందన్నాడు. ఆ పూట మిగిలింది. బొబ్బిలి కోటా, యుద్ధ స్తంభమూ చూశాం. 1757 జనవరి 24న ఇక్కడ జరిగిందంతా మనకి పాఠాల కంటే ముందు బుర్రకథల్లోంచి, సినిమాల్లోంచి వచ్చింది. ఫ్రెంచి బుస్సీ ఫిరంగులతో రావడం, విజయనగరం విజయరామరాజు అతని వెంట ఉండడం, కోట పడ్డాక తాండ్ర పాపారాయుడు డేరాలోకి దూరి రాజుని పొడవడం. కొన్నాళ్ళ క్రితం దాకా ఈ పేర్లు వింటే నాకు ఎన్టీ రామారావు కత్తే కనపడేది. ఈసారి మాత్రం ఇంకో సంగతి తట్టింది. 1964లో వచ్చిన ఆ 'బొబ్బిలి యుద్ధం' సినిమాకి సంగీతం సాలూరి రాజేశ్వరరావుది. ఆయనది ఇక్కడికి దగ్గర్లోనే ఉన్న సాలూరు ప్రాంతం, శివరామపురం. అదే ఏడాది వచ్చిన 'డాక్టర్ చక్రవర్తి'కి కూడా ఆయనే. అందులో సుశీల పాడిన వీణ పాట అమ్మకి ప్రాణం. సుశీలది విజయనగరం. మ్యాపులో చూస్తే ఈ ఊళ్ళన్నీ ఒక్క పూట ప్రయాణంలో ఉన్నాయి. ఇంత దగ్గరగా ఉన్నాయని తెలిశాక ఆగబుద్ధి కాలేదు, సాలూరు వెళ్దామన్నాను.

బొబ్బిలి నుంచి సాలూరుకి ఒకప్పుడు రైలుబస్సు నడిచేది, ఒకే పెట్టె, బస్సులాంటిది. మేం కారులో వెళ్ళాం. దారిలో ఒక మెస్సులో ఆవపెట్టిన పనసపొట్టు కూర వడ్డించారు. పొద్దున వీణలుగా చూసిన చెట్టు మధ్యాహ్నం విస్తట్లోకి వచ్చిందని మా అమ్మాయి ఫోటో తీసింది. కూరలో ఆవ ఘాటు సరిగ్గా ముక్కుకి తగిలేంత ఉంది, అంతకంటే ఎక్కువ లేదు. ఎండుమిరపకాయ వేగిన పాళ్ళు కూడా బాగున్నాయి. మళ్ళీ వేయమన్నాను. హైదరాబాదు పెళ్ళిళ్ళలో పనసపొట్టు అని పెట్టేది తిన్నవాళ్ళు ఇది తినాలి.

సాలూరు కొండల కిందున్న చిన్న పట్టణం, ఒడిశా వెళ్ళే లారీలతో కిక్కిరిసి ఉంది. నేను వెతికింది రాజేశ్వరరావు గురించే అయినా, అక్కడ అమ్మకి గుర్తొచ్చింది ఇంకొకరు. పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరి చిన్న గురువుగారని పేరు. విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెప్పేవారు. కృష్ణా జిల్లా నుంచి చదువుకోసం వచ్చిన ఒక కుర్రాడు, తిండికి గడవకపోతే జోలె పట్టి మాధుకరం ఎత్తుకుని తింటూ పాట నేర్చుకున్నాడు. అతనికి ఉచితంగా పాఠం చెప్పింది ఈ గురువుగారే. ఆ కుర్రాడు ఘంటసాల. 1919లో పెట్టిన ఆ కళాశాలకి మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు, ఆయన పుట్టిన అజ్జాడ కూడా బొబ్బిలి దగ్గరే. ద్వారం వెంకటస్వామి నాయుడు వయొలిన్ పాఠాలు చెప్పిందీ అక్కడే. "మీ నాన్న రేడియో అంతా ఇక్కణ్ణుంచే మోగింది" అంది అమ్మ, టీ తాగుతూ.

ఆ రాత్రి బొబ్బిలి లాడ్జిలో నీళ్ళు వేడిగా వచ్చాయి, దిండ్లు రాళ్ళు. అంతకు మించి దాని గురించి రాసేదేం లేదు.

మర్నాడు చూసిన పని గురించే నిజానికి ఇదంతా రాస్తున్నాను. తేనెమైనంలో గుగ్గిలమూ బొగ్గుపొడీ కలిపి కాచి, ఆ నల్లటి ముద్దని దండి మీద రెండు గట్లుగా పరిచాడు. వాటి మీద ఇరవైనాలుగు మెట్లు నిలబెట్టాలి. ఒక్కో స్థాయికి పన్నెండు స్వరస్థానాలు, రెండు స్థాయిలకి ఇరవైనాలుగు. ఇలా అన్ని మెట్లనీ స్థిరంగా బిగించే పద్ధతిని పదిహేడో శతాబ్దపు తంజావూరు రాజు రఘునాథ నాయకుడి పేరుతో చెబుతారు. ఆయన తెలుగు కవి కూడా. అంతకు ముందు రాగం మారితే మెట్లు జరుపుకునేవారట. మైనం కరిగిన మా వీణ ఇన్నాళ్ళూ తనంతట తనే ఆ పాత పద్ధతికి వెళ్ళిపోయింది.

పనివాడు మెట్టు పెట్టి, తీగ నొక్కి మీటి, వింటాడు. మళ్ళీ గోరంత జరుపుతాడు. మళ్ళీ మీటుతాడు. షడ్జమం, పంచమం ఇట్టే కుదిరాయి. అంతర గాంధారం దగ్గర ఆగాడు. మా అమ్మాయి ఫోనులో శ్రుతి చూసే యాప్ తెరిచి పక్కన పెట్టింది.

"తాతా, ఇంకా తక్కువుంది. ముల్లు మధ్యలోకి రాలేదు" అంది.

"ఆ ముల్లుకేటి తెలుసు గుంటా" అన్నాడాయన.

అమ్మ కళ్ళు మూసుకుని వింది. "వెనక్కే ఉండనీ. అక్కడే బాగుంది" అంది.

ఇందులో గెలిచింది ఫోను కాదు. అది చూపే లెక్క పియానోది, హార్మోనియానిది. స్థాయిని పన్నెండు సమాన ముక్కలు చేసి చెబుతుంది. తంబురా షడ్జమంతో చెవికి పొందికగా ఒదిగే గాంధారం ఆ లెక్క కంటే కాస్త కిందే ఉంటుంది. ఇది మా అమ్మాయికి నేను చెబితే నమ్మలేదు. ఇంటర్నెట్లో చూసి నమ్మింది. ఈలోగా ఆ ముసలాయనా అమ్మా మాటల్లేకుండానే పని చేసుకుపోతున్నారు. ఆయన మీటడం, అమ్మ వేలు కొంచెం పైకో కిందికో ఆడించడం. అమ్మని ఒకరు ఇంతసేపు శ్రద్ధగా వినడం నేను ఇంట్లో చూడలేదు.

మైనం గట్టిపడేదాకా బయట తిరిగాను. అరలో వరసగా చేతిలో పట్టేంత బుల్లి వీణలు, గాజుపెట్టెల్లో. సన్మానాల్లో శాలువాతో పాటు ఇచ్చేవి. నాకవంటే మొదట్నుంచీ చిరాకు. తీగ ఉంటుంది, నాదం ఉండదు. కానీ పెద్ద వీణకి వచ్చేవాళ్ళు ఎప్పుడో ఒకరట. ఈ బొమ్మలే నెలనెలా బియ్యం తెస్తాయని ఆయన కోడలు చెప్పింది. చిరాకు పూర్తిగా పోలేదు గాని, ఒకటి కొన్నాను.

సాయంత్రం వీణ ఒళ్ళోకి రాగానే అమ్మ ముందు ఒక వర్ణం ఎత్తుకుంది. నాలుగు పాకల అవతల నుంచి పిల్లలొచ్చి నిలబడ్డారు. వర్ణానికి వాళ్ళు కదిలిపోవడం చూసి 'డాక్టర్ చక్రవర్తి' పాటలోకి మారింది. ఈసారి పెద్దవాళ్ళు కూడా వచ్చారు. పనివాడు మాత్రం పాట వినడం లేదు. ఒక్కో మెట్టు దగ్గరా తలూపుతూ తన పని తాను వింటున్నాడు.

"ఇంతకీ ఇప్పుడిది ఏ ఊరి వీణ అమ్మమ్మా?" అంది మా అమ్మాయి, డబ్బు లెక్కపెడుతూ.

"కర్ర ఎక్కడిదైతేనేం, మెట్లు బొబ్బిలివి. అలాగే చెప్పుకుంటాను" అంది అమ్మ.

బయల్దేరేముందు ఆయన చెప్పిన జాగ్రత్త ఒక్కటే. మైనం కొత్తది, వేడి తగలకూడదు, మద్దినేళ ఎండలో కారులో ఒదిలేకండి. అమ్మ దాన్ని వేదంలా తీసుకుంది. విశాఖ చేరేదాకా ఏసీ తగ్గించనివ్వలేదు. వెనక సీట్లో మా అమ్మాయి నా శాలువా కప్పుకుని, అది కూడా చాలక, వీణ గుడ్డలో సగం లాక్కుంది.