మానేటి వెంట తాను గుడ్డ

నర్మాల దగ్గర మానేరు ఇంకా చిన్నదే. కూడెల్లి వాగు వచ్చి కలిశాకే దానికి కాస్త బలం వస్తుంది. గంభీరావుపేట మండలంలోని ఈ ఊరి దగ్గర ఎగువ మానేరు ఆనకట్ట ఉంది. చెరువు నిండి మత్తడి దూకిన ఏడు కింది ఊళ్లకు పండుగ.

ఈ పై ఊళ్లలో గుడ్డల కొట్టు అరుదు, కుట్టు మిషను మాత్రం ప్రతి వాడలో ఉంటుంది. అరుగు మీద ఒక పాత ఉషా మిషను, గోడకు 'ఇక్కడ జాకెట్లు కుట్టబడును, ఫాల్ వేయబడును' అని రాసిన అట్ట. కుట్టే ఆమెకు తెల్లదారం, నల్లదారం, హుక్కుల పాకెట్టు ఊరి కిరాణంలో దొరుకుతాయి. చిలకపచ్చ చీరకు సరిపడే దారం, జాకెట్టు లోపలికి అస్తరు గుడ్డ, మిషనుకు బాబిన్ కేసు కావాలంటే బస్సు ఎక్కవలసిందే. బస్సు సిరిసిల్ల మీదుగా కరీంనగర్‌కు పోతుంది. మానేరు పోయేదీ అటే.

సిరిసిల్లలో బీవై నగర్, సుందరయ్య నగర్, వెంకంపేట వీధుల్లోకి అడుగుపెడితే మాట వినపడదు. మరమగ్గాన్ని ఇక్కడ సాంచ అంటారు. పాతిక వేలకు పైగా సాంచాలున్న పట్టణం ఇది. ఒకప్పుడు చేతిమగ్గాల ఊరు. పని వెతుక్కుంటూ భివండి, సూరత్, షోలాపూర్ పోయిన పద్మశాలీలు అక్కడ సాంచ పని నేర్చుకున్నారు. ఆ బతుకుదారే సిరిసిల్లలోనూ స్థిరపడింది.

పని పంపకం ఇలా ఉంటుంది. యజమాని నూలు తెప్పించి, వార్పిన్ చేయించి, అంటే పడుగును బీములకు చుట్టించి, వాటిని ఆసామికి ఇస్తాడు. ఆసామి అంటే సొంత సాంచాలు ఉండి, కూలికి నేయించి ఇచ్చేవాడు. ఆ సాంచాల మీద నిలబడే కార్మికుడికి మీటరు లెక్కన కూలి. పగలు ఒకరు, రాత్రి ఒకరు, 12 గంటల చొప్పున. ఒక్కడే పలు సాంచాలు చూసుకోవాలి, తెగిన పోగు కనిపెట్టాలి, కండె మార్చాలి. కండెలు చుట్టే పని, ఇంటి దగ్గర బీడీలు చుట్టే పని ఆడవాళ్లది. ఈ మీటరు లెక్కలో రూపాయి అటూ ఇటూ అయితే ఇల్లు కదిలిపోతుంది. 2000 తర్వాతి ఏళ్లలో నేత కార్మికుల ఆత్మహత్యలతో సిరిసిల్ల పేరు దేశమంతా వినపడింది. ఆ ఏళ్లను ఈ ఊరు మరవలేదు, మరవకూడదు కూడా.

2017లో ఆడవాళ్లకు పండుగ చీరలు పంచే ప్రభుత్వ పథకం, బతుకమ్మ చీరల పథకం వచ్చింది. ఏటా కోటికి దగ్గరగా చీరలు. సాంచాలకు పని దొరికింది, కూలి పెరిగింది, వలస పోయిన వాళ్లు కొందరు తిరిగి వచ్చారు. 2023 తర్వాత ఆ పథకం ఆగింది. 2024 మొదట్లో ఆర్డర్లు లేక సాంచాలు నిలిచిపోయిన రోజులు చూశాం. తర్వాత మహిళా సంఘాల సభ్యులకు ఇందిరమ్మ చీరల ఆర్డరు వచ్చి మళ్లీ చప్పుడు మొదలైంది. ఏ ప్రభుత్వం ఇచ్చినా అది మంచి పనే, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఒక్క ఆర్డరు మీద బతికే ఊరికి ఆ ఆర్డరు ఆగిన నెల నుంచే ఆకలి. సిరిసిల్లకు కావలసింది ఏడాది పొడవునా, ఊరూరా, ఎవరూ ప్రకటించకుండానే నడిచే గిరాకీ.

అలాంటి గిరాకీ ఉంది. ప్రతి చీర కింద ఒక లంగా ఉంటుంది, ప్రతి జాకెట్టు లోపల అస్తరు ఉంటుంది. సిరిసిల్లలో ఎక్కువ సాంచాల మీద పాలిస్టరు నడుస్తుంది, కొన్నింటి మీద కాటన్ నడుస్తుంది. ఆ కాటన్‌లో ముఖ్యమైనది లంగా గుడ్డ. దాన్ని నేసి, రంగులద్ది, ఇళ్లలోనే లంగాలు కుట్టి పంపుతారు. మన ఇళ్లలోని బీరువాల్లో సిరిసిల్ల ఎంత ఉందో మనకు తెలియదు, ఎందుకంటే దాని మీద పేరుండదు. మిల్లు గుడ్డ అయితే అంచు పొడవునా మిల్లు పేరు అచ్చు వేసి ఉంటుంది. సాంచ మీద నేసిన తాను ఏ గుర్తూ లేకుండా వెళ్లిపోతుంది.

పేరు పెట్టుకోగల నేర్పు ఈ ఊరికి లేక కాదు. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములుది ఈ ఊరే, ఆయన కొడుకు విజయ్ కూడా ఆ పనిని కొనసాగించాడు. వెల్ది హరిప్రసాద్ జీ 20 గుర్తును చేతిమగ్గం మీద నేసి పంపితే 2022 నవంబరులో ప్రధాని తన రేడియో ప్రసంగంలో ఆయన పేరు చెప్పారు. ఇంత నేర్పరులున్న ఊరి మామూలు గుడ్డకు చిన్న ముద్ర కూడా లేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

సిరిసిల్ల దాటితే మధ్య మానేరు వెనుక నీళ్లు మొదలవుతాయి. వేములవాడ నుంచి వచ్చే మూలవాగు కూడా ఈ నీళ్లలోకే చేరుతుంది. వేములవాడలో ఇప్పుడు నూలు డిపో పెట్టారు. బయటి రాష్ట్రాల నుంచి నూలు తెచ్చుకునే చిన్న యజమానులకు, చేతిలో పెట్టుబడి లేని వాళ్లకు అది పెద్ద ఆసరా. మాన్వాడ దగ్గర కట్టిన మధ్య మానేరు ఆనకట్ట నీళ్లలో ఊళ్లు మునిగాయి. కొదురుపాక, చింతల్‌ఠాణా లాంటి ఊళ్ల వాళ్లు పునరావాస కాలనీలకు మారారు. పొలం పోయిన ఇళ్లలో కుట్టు మిషను పక్కపని కాదు, అదే ఆధారం.

ఎలగందుల కోటను చూస్తూ దిగువ మానేరు చేరితే కరీంనగర్ వచ్చినట్టే. 1985 నాటికి పూర్తయిన ఈ జలాశయం 24 టీఎంసీలది. దాని ఒడ్డునే పట్టణం.

ఇక కొట్ల సంగతి. కరీంనగర్‌లో గుడ్డల బజారుకు నడిమధ్య టవర్ సర్కిల్. దాని చుట్టూ పెద్ద చీరల దుకాణాలు, బంగారం కొట్లు కనబడతాయి. కుట్టేవాళ్లకు కావలసినవి ఆ అద్దాల వెనుక ఉండవు, అక్కడి నుంచి చీలిన సందుల్లో ఉంటాయి. బోర్డు మీద 'మ్యాచింగ్ సెంటర్' అని ఉన్న కొట్టు చూసుకోవాలి. గోడ నిండా రంగుల వరుసలో జాకెట్టు గుడ్డలు, లంగాలు, అస్తర్లు, ఫాళ్లు పేర్చి ఉంటాయి. లేసులు, జరీ అంచులు, కుచ్చులు, గుండీలు, జిప్పులు, బక్రం, కాన్వాసు అమ్మేది వేరే కొట్టు. మగ్గం వర్కుకు పూసలు, కుందన్లు, జర్దోసీ తీగ అమ్మేది ఇంకోటి. మిషను విడి భాగాల కొట్టు మరోచోట. కొత్తగా వచ్చినవాళ్లు అన్నీ ఒకేచోట దొరుకుతాయనుకుని తిరిగి అలసిపోతారు. ఒక కొట్టులో కొని, మిగతావి ఎక్కడని అక్కడే అడగడం మేలు. ఈ బజారులో కొట్టువాళ్లు ఒకరి దగ్గరికి ఒకరు గిరాకీని పంపుతారు.

"అన్నా, ఈ అస్తరు కాటన్‌దేనా?"

"కాటనే అక్కా. నానబెట్టి కుట్టుండ్రి, లేకుంటే గుంజుతది."

ఈ రెండు మాటల్లో చాలా విద్య ఉంది. కాటన్ అస్తరు మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. నానబెట్టి ఆరేయకుండా కుడితే జాకెట్టు లోపల ముడతలు పడి, పై గుడ్డను లాగేస్తుంది. ఫాల్‌కూ అదే నియమం. కాటన్ అన్నది నిజమో కాదో తేల్చుకోవాలంటే అంచు నుంచి రెండు పోగులు లాగి కాల్చి చూడాలి. కాటన్ కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిద అవుతుంది. పాలిస్టరు కరిగి గట్టి నల్లపూసలా ముద్దకడుతుంది. వేసవిలో ఉత్తర తెలంగాణ ఎండకు పాలిస్టరు అస్తరు వేసుకున్న మనిషికి ఈ తేడా వేరే చెప్పనక్కరలేదు.

జాకెట్టు గుడ్డకు టు బై టు రూబియా అని అడిగితే పేకలోనూ పడుగులోనూ రెండేసి పోగులు మెలిపెట్టిన నూలు ఉండాలి. వేళ్ల మధ్య రుద్దితే ఆ మెలిక తెలుస్తుంది, గంజితో బరువు తెచ్చిన గుడ్డ అయితే పొడి రాలుతుంది. గుడ్డ కొనేముందు పన్నా, అంటే వెడల్పు, ఎంతో అడగాలి. 36 అంగుళాల పన్నాలో మీటరు, 44 అంగుళాల పన్నాలో మీటరు ఒకటి కావు, ధర ఒకటే అయినా. రంగు చూడటానికి చీరను, గుడ్డను చేతబట్టుకుని వాకిట్లోకి, పగటి వెలుతురులోకి రావాలి. ట్యూబులైటు కింద కలిసిన రంగులు ఎండలో విడిపోతాయి. మంచి కొట్టాయన తానే బయటికి పంపుతాడు. సూదుల్లో మామూలు కాటన్‌కు 14 నంబరు, పల్చటి పట్టుకు 11, మందపాటి దానికి 16. నంబరు చూడకుండా కొన్న సూదితో కుట్టు తప్పితే తప్పు మిషను మీదికి పోతుంది.

కుట్టేవాళ్లకు సర్కారు సాయమూ కొంత ఉంది. 2023 సెప్టెంబరులో మొదలైన కేంద్ర విశ్వకర్మ పథకంలో దర్జీలు కూడా ఉన్నారు. పనిముట్లకు 15,000 రూపాయల సాయం ఉంది. ప్రభుత్వ బడుల పిల్లల యూనిఫాం కుట్టే పనిని మహిళా సంఘాలకు ఇచ్చి, జతకు 50 రూపాయలున్న కూలిని 2024లో 75 చేశారు. ఆ యూనిఫాం గుడ్డను రాష్ట్ర చేనేత సహకార సంస్థ టెస్కో ద్వారా సిరిసిల్ల సాంచాల మీదే నేయిస్తారు. సిరిసిల్లలో నేసిన గుడ్డను నర్మాల లాంటి ఊళ్లలో ఆడవాళ్లు కుట్టి పక్క బడి పిల్లలకు తొడగడం ఈ నది పొడవునా నాకు నచ్చిన ఏర్పాటు. బడి గుడ్డకు చేయగలిగింది అస్తరుకు ఎందుకు చేయలేం? టవర్ సర్కిల్ కొట్లకు సరుకు బేగంబజారు నుంచి, సికింద్రాబాద్ జనరల్ బజారు నుంచి, సూరత్ నుంచి వస్తుంది. నలభై కిలోమీటర్ల దూరంలోని సిరిసిల్ల గుడ్డ కూడా ఒక్కోసారి ఊళ్లు తిరిగి, రంగు వేసుకుని, పేరు లేకుండా వెనక్కి చేరుతుంది. కొట్టాయనను తప్పుపట్టలేం. అరువు ఇచ్చేవాడి దగ్గరే ఆయన కొంటాడు.

కరీంనగర్‌లో 2023 జూన్‌లో తెరిచిన తీగల వంతెన కింది నుంచి మానేరు సదాశివపల్లి వైపు సాగుతుంది. తనుగుల దాకా రెండు ఒడ్లా పత్తి చేలు. దగ్గరి జమ్మికుంట పత్తి మార్కెట్ ఈ ప్రాంతం మొత్తానికి పేరున్నది. పత్తిలో తేమ 8 శాతం ఉంటే పూర్తి మద్దతు ధర, 12 శాతం దాటితే భారత పత్తి సంస్థ (సీసీఐ) తీసుకోదు. 2025–26కు పొడుగు పింజ మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. జిన్నింగు మిల్లులో క్వింటాలు పత్తి నుంచి మూడోవంతు దూది వస్తుంది, మిగిలింది గింజ. ఆ దూది వడికి నేస్తే నా లెక్కన 200 మీటర్లకు తగ్గకుండా అస్తరు గుడ్డ అవుతుంది. ఆ వడకడమే ఇక్కడ లేదు. దూదిని 170 కిలోల బేళ్లు కట్టి బయటి మిల్లులకు పంపి, నూలుగా మళ్లీ కొనుక్కుంటాం. వడికి నేసే మిల్లుగా వరంగల్‌లో 1934లో మొదలైన ఆజంజాహీ మిల్లు ఎప్పుడో మూతపడింది.

మంథని మండలం ఆరెంద దగ్గర మానేరు గోదావరిలో కలిసిపోతుంది. కింద మహదేవపూర్‌లో, అవతలి ఒడ్డున చెన్నూరులో మద్ది చెట్ల మీద దసలి పట్టుకాయలు పెంచుతారు. గోదావరి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. అక్కడి నల్లరేగడి మీద పత్తికి మించిన పంట లేదు. ఆసిఫాబాద్ వైపు వాంకిడిలో 1915లో పుట్టిన కొండా లక్ష్మణ్ బాపూజీ నేతన్నల సహకార సంఘాల కోసం జీవితమంతా పాటుపడ్డాడు. హైదరాబాద్‌లోని చేనేత సాంకేతిక సంస్థకు 2024లో ఆయన పేరు పెట్టారు. పత్తి పండించే జిల్లాలో పుట్టి, నేసేవాడి పక్షాన నిలబడిన మనిషి ఆయన. ఆదిలాబాద్ పట్టణానికి హైదరాబాద్ కంటే నాగపూర్ దగ్గర. అక్కడి దర్జీ సామానుకు అటే చూస్తే తప్పేముంది? పక్క చేలో పండిన పత్తి అస్తరుగా మారి ఆ దర్జీ కొట్టుకు చేరే దారి మనం వేయలేదు.

ఆ దారి వేయడం పూర్తిగా ప్రభుత్వం పనే అని నేను అనుకోను. సిరిసిల్ల సంఘాలు తాము నేసే కాటన్ తాను అంచు మీద ఊరి పేరు అచ్చు వేయాలి. మ్యాచింగ్ సెంటర్లు దానికి ఒక అర కేటాయించాలి. మిగిలింది కొనేవాళ్ల చేతుల్లో ఉంది. ఈసారి అస్తరు కొనేటప్పుడు, ఈ తాను ఏ ఊరిదని కొట్టాయనను అడగండి. ఆయన చెప్పలేకపోతే సిరిసిల్ల కాటన్ తెప్పించమని చెప్పండి, తెప్పించిన నాడు వెళ్లి తప్పకుండా కొనండి.