దీపం నుంచి అర మీటరు

2019 ఏప్రిల్ 9, మంగళవారం

లాంపులు సరిచూసే బెంచీకి కొటేషన్లు వచ్చాయి. గ్రానైట్ బెడ్ మీద ఆప్టికల్ బెంచీ అంటూ ఒకాయన పంపిన బొమ్మ చూసి మా డైరెక్టరు గారు ముచ్చటపడ్డారు. ఖరీదైనదైతే ఖచ్చితంగానే ఉంటుందని ఆయన నమ్మకం. నాకా నమ్మకం లేదు. లెక్క కాగితం మీద పెడితే గానీ ఆయన వినరు. ఎల్లుండి పోలింగు, ఆఫీసుకు సెలవు. ఈ లోపు తేల్చేయాలి.

మనం చేయబోయే పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. వెయ్యి వాట్ల ఎఫ్‌.ఈ.ఎల్. లాంపు ఒకటి ప్రామాణికంగా ఉంటుంది. స్టూడియోల్లో, నాటకశాలల్లో వాడడానికి పుట్టిన హాలోజన్ దీపమే, కాళ్లు మార్చి ప్రయోగశాలకు తెచ్చుకున్నారు. దాన్ని నిలబెట్టి, సరిగ్గా 500 మిల్లీమీటర్ల దూరంలో ఎంత కాంతి పడుతోందో ఒక్కో తరంగదైర్ఘ్యం దగ్గరా చదవాలి. తర్వాత దాని స్థానంలో కస్టమరు లాంపు పెట్టి మళ్లీ చదవాలి. రెండింటి నిష్పత్తే సర్టిఫికెట్. ఎల్‌.ఈ.డీ. బల్బులు తయారుచేసే వాళ్లు తమ కాంతి కొలిచే గోళాలనూ స్పెక్ట్రోరేడియోమీటర్లనూ సరిచూసుకునేది ఆ కస్టమరు లాంపుతోనే.

దూరం సంగతి. 500కు ఒక మిల్లీమీటరు తేడా వస్తే కాంతిలో 0.4 శాతం పోతుంది. వర్గ విలోమ నియమం, తొమ్మిదో తరగతి పిల్లవాడైనా చెబుతాడు. గ్రానైట్ వద్దనుకుని అల్యూమినియం పట్టాలు వేస్తే ఏమవుతుంది? మీటరుకు డిగ్రీకి 23 మైక్రాన్లు సాగుతుంది. పది డిగ్రీలు మారినా అర మీటరు మీద 0.12 మిల్లీమీటర్ల లోపే, అంటే కాంతిలో 0.05 శాతం. మన గదిలో ఏసీ ఉంది, పది డిగ్రీలు మారదు.

ఇప్పుడు కరెంటు. లాంపు ఎనిమిది ఆంపియర్ల దగ్గర వెలుగుతుంది. అందులో 0.1 శాతం, అంటే 8 మిల్లీ ఆంపియర్లు తప్పితే పచ్చ రంగు దగ్గర కాంతి సుమారు 0.6 శాతం మారుతుంది. 350 నానోమీటర్ల దగ్గర 0.9 శాతం దాటుతుంది. ఫిలమెంటు వేడి కొంచెం తగ్గినా ముందు చచ్చేది పొట్టి తరంగాలే.

అనిశ్చితులను కలిపేటప్పుడు వర్గాలు కూడి వర్గమూలం తీస్తాం కనుక, చిన్నవి ఎన్ని ఉన్నా పెద్దదే రాజ్యం చేస్తుంది. ఢిల్లీ నుంచో విదేశం నుంచో వచ్చే ప్రామాణిక లాంపు సర్టిఫికెట్లోనే శాతానికి అటూ ఇటూగా అనిశ్చితి ఉంటుంది. అలాంటప్పుడు 0.05ను 0.01 చేయడానికి లక్షలు పోయడం దండగ. గ్రానైట్ డబ్బు కరెంటు మీద పెట్టాలి. లెక్క ఒక పేజీలో వచ్చింది, పొద్దున్నే టేబుల్ మీద పెడతాను.

ఏప్రిల్ 17, బుధవారం

బాలానగర్. మిల్లింగ్ షాపు మేస్త్రి చేతిలో డ్రాయింగు పెట్టాను. లాంపు కూర్చునే పలక కింద మూడు ఉక్కు గోళీలు. ఒకటి శంకువు గుంటలో, ఒకటి వీ-గాడిలో, మూడోది చదును మీద.

"నాలుగు మూలల నాలుగు బోల్టులు గట్టిగ బిగిద్దం మేడం, కదలదు" అన్నాడు.

కదలకుండా ఉండడం ఒక్కటే కాదు నాకు కావలసింది. తీసి మళ్లీ పెడితే అక్కడికే రావాలి. వస్తువు కదలగల తీర్లు ఆరు. గుంట మూడు ఆపుతుంది, గాడి రెండు, చదును ఒకటి. అంతకంటే ఎక్కువ ఆపితే ముక్కలు ఒకదాన్నొకటి లాక్కుంటాయి, ఏ బోల్టు ముందు బిగించామన్న దాన్ని బట్టి పలక ఒరుగుతుంది. లార్డ్ కెల్విన్ కాలం నుంచి ఉన్న కిటుకు ఇది. మేస్త్రికి అంత చెప్పలేదు. ఆయన దగ్గరున్న ఒక పాత పలక కింద మూడు గోళీలు పెట్టి, తీసి, పెట్టి, డయల్ గేజ్ ముల్లు చూపించాను. ముల్లు మళ్లీ మొదటి గీత మీదికే వచ్చింది. ఆయన నోరు మెదపకుండా డ్రాయింగు మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఒప్పుకున్నట్టే.

అదే మౌంటులో లాంపు బదులు జిగ్గు కూర్చుంటుంది. లాంపు కాళ్లలాంటి కాళ్లే, పైన గాజు పలక, దాని మీద ప్లస్ గుర్తు. డిటెక్టరు వైపు నుంచి లేజరు కొడితే చుక్క ఆ గుర్తు మీద పడి, వెనక్కి వచ్చి తన రంధ్రంలోకే పోవాలి. అప్పుడే గాజు అక్షానికి లంబంగా ఉన్నట్టు. తర్వాత జిగ్గు తీసి లాంపు పెడతాం. లాంపును నేరుగా లేజరుతో గురిపెట్టబోయేవాళ్లను చూశాను. మెలికల ఫిలమెంటులో మధ్య ఏదో ఎవరు చెబుతారు?

500 మిల్లీమీటర్లు కొలిచేది ఫిలమెంటు నుంచి కాదు, కాళ్ల ముందు ముఖం నుంచి. అసలు వెలుగు పుట్టే చోటు దానికి కొన్ని మిల్లీమీటర్లు వెనక ఉంటుంది. 500 దగ్గరే వాడితే ఇబ్బంది లేదు, ప్రామాణిక లాంపుకూ అదే కొలత. ఎవరైనా 700 దగ్గర పెట్టి నేరుగా వర్గ విలోమం వేస్తే అక్కడ దెబ్బ తింటారు. సర్టిఫికెట్ వెనక ఈ మాట అచ్చు వేయించాలి.

దారి తప్పిన కాంతిని ఆపే పలకలు, అంటే బాఫిళ్లు, వాటి రంధ్రాల అంచు కత్తిలా ఉండాలని చెప్పాను. మందపు అంచు ఉంటే దాని లోపలి గోడ మెరిసి డిటెక్టరు మీదికి కాంతి విసురుతుంది. "గిది బ్లేడయితది మేడం, తుడిచేటోని చెయ్యి తెగుతది" అన్నాడు. నిజమే. చేతి తొడుగులు వేసుకోవాలని బెంచీ మీదే రాసి పెట్టాలి.

మే 3, శుక్రవారం

నలుపు గురించి. బాఫిళ్లకు నల్ల అనొడైజింగ్ చేసి పంపుతామన్నారు. నమూనా ముక్క గేటు దగ్గరి రాత్రి కెమెరా ముందు పట్టుకున్నాను. మన కంటికి బొగ్గులా ఉన్నది తెరమీద లేత బూడిద రంగులో కనిపించింది. అనొడైజింగ్‌లో వాడే రంగులు కంటికి కనిపించే కాంతిని మింగుతాయి, పరారుణాన్ని వెనక్కి కొట్టేస్తాయి. మన లాంపు అత్యధికంగా వెదజల్లేది ఆ పరారుణమే. సెక్యూరిటీ తాత "ఏందమ్మా, రేకు ముక్కకు ఫొటో దిగుతున్నవ్?" అని నవ్వాడు.

మాట్ నలుపు పెయింటు ముక్కలు కూడా అలాగే చూసి ఒకటి ఎంచాను. లాంపు వెనక కాంతి ఉచ్చు ఉంటుంది. మఖ్మల్ గుడ్డ మాత్రం దూరపు గోడకే. వెయ్యి వాట్ల దగ్గర గుడ్డ పెట్టేవాళ్లు ఫైర్ ఇంజన్‌ను కూడా డిజైన్లో చేర్చుకోవాలి.

ఎంత చేసినా కొంత చిల్లర కాంతి గోడలు తిరిగి డిటెక్టరులోకి వస్తుంది. దాన్ని ఊహించక్కర్లేదు, కొలవచ్చు. లాంపుకూ డిటెక్టరు అపెర్చరుకూ మధ్య, అపెర్చరును మాత్రమే కప్పేంత బిళ్ల ఒకటి నిలబెడితే నేరుగా వచ్చేది ఆగుతుంది. మిగిలినదంతా చిల్లరే. ప్రతి కొలతలోనూ అది తీసేయాలి. ఈ బిళ్లకు మోటారు కావాలని కొనుగోలు జాబితాలో కలిపాను.

మే 20, సోమవారం

ప్రపంచ మాపనశాస్త్ర దినం. 1875లో మీటర్ ఒప్పందం మీద సంతకాలైన రోజు. ఈసారి విశేషమేమిటంటే కొత్త ప్రమాణ నిర్వచనాలు ఈ రోజు నుంచే అమల్లోకి వచ్చాయి. కిలోగ్రాము వార్త పత్రికల్లో బాగా వచ్చింది. కాండెలాను ఎవరూ పట్టించుకోలేదు. దానికి మాటలు మారాయే గానీ అంకె మారలేదు. 540 లక్షల కోట్ల హెర్ట్జ్ పచ్చ కాంతికి వాట్‌కు 683 ల్యూమెన్లు, 1979 నుంచీ ఉన్నదే.

దానికి ముందు 1948 నుంచి గడ్డకడుతున్న ప్లాటినం వెలుగు ప్రమాణం. ఇంకా ముందు జర్మనీలో హెఫ్నర్ దీపం, అమైల్ ఎసిటేట్‌తో మండే ఒత్తి, మంట ఎత్తు సరిగ్గా 40 మిల్లీమీటర్లు ఉండాలి. గాలి కదిలితే ప్రమాణమే కదులుతుంది. ఆ పని చేసినవాళ్ల ఓర్పుకు దండం పెట్టాలి.

జూన్ 13, గురువారం

కరెంటు కొలిచే షంట్ నిరోధం మీద పొద్దంతా వాదన. 0.01 ఓమ్ పెడితే ఎనిమిది ఆంపియర్లకు 80 మిల్లీ వోల్టులు. అందులో పదివేలో వంతు చూడాలంటే 8 మైక్రోవోల్టులు. రాగి తీగ, టంకం, ఇత్తడి టెర్మినల్ కలిసే చోట ఒకవైపు కాస్త వేడెక్కితే చాలు, ఆ వేడి వోల్టేజే కొన్ని మైక్రోవోల్టులు ఉంటుంది. 0.1 ఓమ్ పెడితే 0.8 వోల్టు, చదవడం సులువు. కానీ 6.4 వాట్ల వేడి పుట్టి షంటే మారుతుంది. నూనె తొట్టిలో ముంచిన 0.1 ఓమ్ అని తీర్మానించాం. నాలుగు తీగల కనెక్షన్. లాంపు రెండు కాళ్ల మధ్య వోల్టేజీ కూడా ప్రతిసారీ రాయాలి. కరెంటు అదే ఉండి వోల్టేజీ మారిందంటే ఫిలమెంటు ముసలిదవుతున్నట్టు.

కరెంటును మెల్లగా పెంచాలి, మెల్లగా దించాలి. వెలిగించాక అరగంట దాకా రీడింగు రాయకూడదు. డీసీ ప్లస్ మైనస్ తిరగేయకూడదు. గాజుకు చేయి తగలకూడదు, వేలి ముద్రలోని ఉప్పు ఆ వేడికి క్వార్ట్జ్‌ను తెల్లగా పాడుచేస్తుంది. ఏసీ గాలి లాంపు మీద పడకూడదు. కొత్త అమ్మాయి ఇవన్నీ వింటూ "అత్తగారింటి నియమాల్లా ఉన్నాయి మేడమ్" అంది.

మధ్యాహ్నం ఒక బల్బుల తయారీదారు వచ్చారు. ఒకే బల్బుకు రెండు ల్యాబులు నాలుగు శాతం తేడాతో ల్యూమెన్లు ఇచ్చాయట. ఏది కరెక్టో చెప్పమంటారు. రెండు రిపోర్టుల్లోనూ అనిశ్చితి అంకె లేదు. అది లేకపోతే తేడా ఉందో లేదో కూడా చెప్పలేను అన్నాను. ఆయనకు నచ్చలేదు. హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖ వీధి దీపాలన్నీ ఎల్‌.ఈ.డీ.లయ్యాయి, ఉజాలా పథకంలో కోట్ల బల్బులు ఇళ్లకు చేరాయి. ఆ అట్టపెట్టెల మీది అంకెలన్నీ వెనక్కి వెతుక్కుంటూ పోతే చివరికి తేలేది ఇలాంటి లాంపు దగ్గరే.

జులై 6, శనివారం

లాంపు దించి, మళ్లీ పెట్టి, మళ్లీ వెలిగించి చూస్తే పచ్చ దగ్గర 0.2 శాతం లోపు తిరిగి వస్తోంది. బాలానగర్ మేస్త్రికి ఫోను చేసి చెప్పాను. "మరి బిల్లు మేడం?" అన్నాడు.

పేచీ అంతా అతినీల లోహితం దగ్గర. సర్టిఫికెట్ ఇచ్చే పరిధి (స్కోపు) 250 నానోమీటర్ల నుంచి వేద్దామని డైరెక్టరు గారు, వేరేవాళ్లు వేస్తున్నారట. 250 దగ్గర ఈ లాంపు ఇచ్చే కాంతి 900 దగ్గర ఇచ్చే దానిలో దాదాపు వెయ్యో వంతు. రంగులను విడదీసే మన మోనోక్రోమేటరులో ఒకటే గ్రేటింగు. దాంట్లో పక్క రంగుల నుంచి లీకయ్యేది పదివేలో వంతే అనుకున్నా, బారెడు వర్ణపటం అంతటి నుంచీ పోగై ఆ వెయ్యో వంతును మింగేస్తుంది. యంత్రం అంకె చూపిస్తుంది, చూపించక మానదు. అది లాంపుది కాదు. డబుల్ మోనోక్రోమేటరు కొన్నాక మాట్లాడదాం అన్నాను. ఆయన చాలాసేపు గ్రాఫు చూసి, చివరికి సంతకం పెట్టారు.

ల్యాబు గుర్తింపు దరఖాస్తులో ఇలా వెళ్లింది: 350 నుంచి 1000 నానోమీటర్లు, అనిశ్చితి కనిపించే కాంతిలో 1.8 శాతం, 350 దగ్గర 3.5 శాతం. 350 కింద మా ల్యాబు సర్టిఫికెట్ ఇవ్వదు.