రంగు ఎన్నాళ్లు ఉంటుంది?

రోల్డ్ గోల్డ్ అంటే మచిలీపట్నం దగ్గరి చిలకలపూడే. అక్కడ డజన్ల లెక్కన గొలుసులు కొని, వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి అమ్ముతుంటా. లోపల ఇత్తడో రాగో, పైన బంగారు పూత. ఆ పూత మందం మైక్రాన్లలోనే. ఫోటోలో మాత్రం అన్నీ ఒకేలా మెరుస్తాయి! అందుకే కొత్త డిజైన్ వస్తే ముందు ఒక్కటే కొంటా. నెల రోజులు మెళ్లో వేసుకుని, చెమటకి తట్టుకుంటేనే డజను తెస్తా.

"గిల్టు గొలుసుకి ఇన్ని పరీక్షలా?" అని ఫ్రెండ్స్ నవ్వుతారు. నాకు మాత్రం ఒక కస్టమర్ గుర్తొస్తుంది. తన గొలుసు ఫోటో పంపి, "అచ్చం ఇలాంటిదే కావాలమ్మా. అసలుది తాకట్టులో ఉంది, ఆడపడుచు పెళ్లి దగ్గరపడింది" అంది. ధర అడగలేదు. రంగు ఎన్నాళ్లు ఉంటుందనే అడిగింది.

నేను వేసుకుని చూసిందే కాబట్టి ధైర్యంగా చెప్పా: "సెంటు తగలనీయకండి అక్కా, పెళ్లికి ఢోకా లేదు."